ఈక్యూ టెస్టులో మార్కులు తక్కువొస్తే బ్రాంచి నడపలేమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తిరుపతిలో ఆఫీసరుగా ఉన్నారు. స్కేల్-2 ప్రమోషన్ వచ్చింది, వచ్చే నెల చిత్తూరు జిల్లాలో ఒక మండల కేంద్రం బ్రాంచికి మేనేజరుగా వెళ్తున్నారు. ట్రైనింగులో భావోద్వేగ ప్రజ్ఞ మీద, అంటే అందరూ ఈక్యూ అనేదాని మీద, ఒక ప్రశ్నాపత్రం నింపించారు. బ్యాచ్‌లో మీకే తక్కువ మార్కులు. క్రెడిట్, ఆడిట్ బాగా తెలుసు, మనుషులతో మాట్లాడటం మాత్రం అంతంతే. ఈ మార్కులకీ మేనేజరుగా నెగ్గుకురావడానికీ నిజంగా సంబంధం ఉందా, లేక ఇదంతా ట్రైనింగ్ హాలు కబుర్లేనా? డబ్బు కట్టి ఏదైనా కోర్సు చేయాలా?

నేను ఈ ప్రాంతంలోనే చిన్నవీ పెద్దవీ బ్రాంచీలు నడిపి, చివర్లో కొంతకాలం రీజనల్ ఆఫీసులో కూర్చుని ఇతరుల బ్రాంచీల లెక్కలు చూసి రిటైరైనవాణ్ని. నాకు తెలిసినంతలో సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. మీ చేతికిచ్చిన ఆ కాగితం మీది అంకెను మాత్రం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ముందు ఆ అంకె సంగతి తేల్చేద్దాం. భావోద్వేగ ప్రజ్ఞకు 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నిర్వచనం ఇచ్చారు. మన మనసులో ఏముందో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గుర్తుపట్టడం, ఏది ఏదో వేరు చేసి చూడటం, ఆ తెలిసినదాన్ని బట్టి ఆలోచించి నడుచుకోవడం. వాళ్లు దీన్నొక సామర్థ్యంగా చూశారు. సామర్థ్యం అన్నాక పరీక్ష పెట్టి కొలవాలి కదా. మీకు ఇచ్చింది అలాంటి పరీక్ష కాదు. 'కోపం వచ్చినప్పుడు నన్ను నేను అదుపు చేసుకోగలను' అని ఒక వాక్యం, పక్కన 'ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు' అని గడులు. మన గురించి మనమే సాక్ష్యం చెప్పుకోవాలి. కోపమొస్తే ఫోన్ విసిరేసే మేనేజరు ఒకాయన నాకు తెలుసు. ఇలాంటి కాగితంలోనే ఆయన అన్ని వాక్యాలకూ 'ఎప్పుడూ' అని టిక్కులు పెట్టి బ్యాచ్‌లో ఫస్టొచ్చాడు.

సరదాకి చెప్పడం లేదు. 2014లో షెల్డన్, ఏమ్స్, డన్నింగ్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో తేలింది కూడా ఇలాంటిదే. సామర్థ్య పరీక్షలో అట్టడుగున ఉన్నవాళ్లే తమ గురించి తాము బాగా ఎక్కువగా ఊహించుకున్నారు. మీకు తక్కువుందని చెబితే టెస్టే సరైంది కాదన్నారు, నేర్చుకుందామన్న ఆసక్తీ అంతగా చూపలేదు. మార్కులు చూసుకుని ఇంత టెన్షన్ పడి అడుగుతున్నారంటే మీరు ఆ కోవలో లేరు.

ఇంకో లెక్క చూడండి. హార్మ్స్, క్రెడే అనే ఇద్దరు 2010లో, ఈ ప్రజ్ఞకీ స్ఫూర్తినిచ్చి నడిపించే తరహా నాయకత్వానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. రెండు కొలతలూ ఒకే మనిషి ఇచ్చిన చోట సహసంబంధం 0.59 వచ్చింది. 1 అంటే పూర్తి సంబంధం, 0 అంటే అసలేమీ లేదని అర్థం, కాబట్టి 0.59 చాలా ఎక్కువ. ప్రజ్ఞను ఒకరు, నాయకత్వాన్ని ఇంకొకరు కొలిచిన చోట మాత్రం అది 0.12కి పడిపోయింది. తన మనసు తనకు బాగా తెలుసని రాసుకున్న మనిషే తాను గొప్ప నాయకుణ్నని కూడా రాసుకుంటాడు మరి. మన దగ్గర ఎంబీఏ ప్రాజెక్టుల కోసం బ్యాంకు మేనేజర్ల చేత నింపించే ఫారాల్లో చాలావాటిది ఇదే తంతు. రెండు ఫారాలూ ఆయనకే ఇస్తారు, లంచ్ టైములో ఒకే పెన్నుతో నింపేస్తాడు, 'బలమైన సంబంధం ఉంది' అని రిపోర్టు తయారవుతుంది.

అయితే 0.12 చూసి ఇదంతా ఉత్తదే అనుకోవడం కూడా తొందరపాటే. అదే 2010లో జోసెఫ్, న్యూమన్ చేసిన మరో సమీక్ష మన పనికి దగ్గరగా ఉంటుంది. లోపల ఏమున్నా మొహంలో కనపడనీయకుండా, మాట తూలకుండా చేయాల్సిన పనుల్లో ఈ సామర్థ్యం ఫలితాన్ని పెంచింది. అలాంటి అవసరం అంతగా లేని పనుల్లో పెంచలేదు సరికదా, కొంత తగ్గించింది కూడా. లోన్ ప్రాసెసింగ్ సెల్లో ఫైళ్లు చూసుకున్నన్నాళ్లూ మీకు ఏ లోటూ తెలియకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది. బ్రాంచి మేనేజరు కుర్చీ మొదటి రకంలోకి వస్తుంది. ఉదయం పది దాటిందంటే పింఛను పడలేదని గొడవపడే పెద్దాయన, పంట రుణం రెన్యువల్ కోసం పనులు మానుకుని వచ్చిన రైతు, డ్వాక్రా గ్రూపు రెండో లీడరు సంతకం పెట్టనంటోందని మొదటి లీడరు, వీళ్ల మధ్యలో రీజనల్ ఆఫీసు నుంచి ఫోను. అందరితోనూ మాట్లాడాల్సింది అదే నోరు.

ఇక ఇది ఫలితంగా ఎలా మారుతుందన్నది అసలు విషయం. మేనేజరు నవ్వుతూ పలకరిస్తే సిబ్బంది హుషారుగా పనిచేస్తారని ట్రైనింగులో చెబుతారు. కొంత నిజమే కానీ నా దృష్టిలో అది చిన్న సంగతి. చెడ్డ కబురు మీ కేబిన్‌లోకి ఎంత తొందరగా వస్తుంది? బ్రాంచి బాగోగులు దీని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. రీజనల్ ఆఫీసులో కూర్చుని, చెడిపోయిన బ్రాంచీల కాగితాలు తిరగేసినప్పుడు నాకు మళ్లీ మళ్లీ కనపడింది ఇదే. బ్యాంకులో ప్రతి నష్టమూ ముందు ఎవరో ఒకరికి చిన్న అనుమానంగా తెలిసే ఉంటుంది. నగలు తూచే అప్రైజరు ఒకే ఊరి నుంచి ఒకే రకం గాజులు వరసగా వస్తున్నాయని గమనిస్తాడు. ఫీల్డ్ ఆఫీసరుకు మన అప్పుతో కొన్న ట్రాక్టరు ఊళ్లో లేదని తెలుస్తుంది. క్లర్కుకు ఫలానా సంతకం తేడాగా ఉందనిపిస్తుంది. అటెండరుకైతే దాదాపు అన్నీ తెలుసు. వాళ్లు మీతో చెప్పారా, చెబితే ఆ వారంలోనే చెప్పారా, లేక ఆడిట్ వచ్చాక 'నాకు అప్పుడే అనుమానం వచ్చింది సార్' అన్నారా? ఎన్‌పీఏ లిస్టు, అంటే మొండి బాకీల లిస్టు, పెరిగేదీ తరిగేదీ చాలావరకు అక్కడే.

అమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి బృందాల మీద చేసిన అధ్యయనంలో ఒక విచిత్రం కనపడింది. నాయకత్వం బాగున్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లను దాచుకోకుండా బయటికి చెబుతున్నారన్నది ఆమె చెప్పిన కారణం. బ్యాంకుకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఏ పొరపాటూ పైకి రాని బ్రాంచిని చూస్తే నాకు ఇప్పటికీ భయమే.

ఇది రోజువారీ పనిలో ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను. సాయంత్రం నాలుగున్నర. క్యాష్ టాలీ కావడం లేదు, పదివేలు తక్కువ. కౌంటర్లో ఉన్నది ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి. మూడుసార్లు లెక్కపెట్టింది, చేతులు వణుకుతున్నాయి. ఈ అమ్మాయి ముందున్న దారులు మూడు. మేనేజరుకు చెప్పడం, పక్క క్లర్కు దగ్గర అప్పు తెచ్చి గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేయడం, రేపు చూద్దామని ఏదో ఒక సర్దుబాటు చేయడం. రెండోది అలవాటైతే మూడోది దానంతటదే వస్తుంది. మూడోది మొదలైన బ్రాంచిలో ఒక రోజు పదివేలు పది లక్షలై బయటపడుతుంది.

ఆ అమ్మాయి కేబిన్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మేనేజరు నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏదన్నదాన్ని బట్టి మిగతా కథ నడుస్తుంది. 'కళ్లెక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావమ్మా' అన్నారనుకోండి, హాల్లో ఉన్న నలుగురూ వింటారు, రేపటి నుంచి ఆ నలుగురూ రెండో దారిలోనే వెళ్తారు. 'ఎంత తక్కువ? కూర్చో. ఇవాళ పెద్ద పేమెంట్లు ఏమున్నాయో వోచర్లు పట్రా' అన్నారనుకోండి, పని మొదలవుతుంది. ఆ రోజు అలాగే మొదలైంది. నలభై వేల పేమెంటు ఒకటి ఉంది. ఐదు వందల కట్ట తీసి, అందులోంచి ఇరవై నోట్లు తగ్గించి ఇవ్వాలి. ఆ సమయానికి పక్క కౌంటర్ దగ్గర ఎవరో గట్టిగా అరుస్తున్నారు, ఈ అమ్మాయి అటు తిరిగింది, కట్ట కట్టలాగే వెళ్లిపోయింది. కెమెరా రికార్డులో స్పష్టంగా ఉంది. తీసుకున్నది పెళ్లి పెట్టుకున్న ఇల్లు, డబ్బు ఇంకా సంచిలోంచి తీయనే లేదట. ఫోన్ చేస్తే 'మేమూ ఇప్పుడే చూస్తాం సార్' అన్నారు, పొద్దున్నే తెచ్చిచ్చారు. కొరత మాత్రం ఆ సాయంత్రమే రికార్డుకెక్కింది. అమ్మాయి ఏడ్చినా సరే, ఎక్కాల్సిందే. ఆమె మీద జాలిపడి రికార్డు ఆపితే అది ఇంకో రకం తప్పు.

ఇక్కడ మేనేజరు చేసినదాంట్లో తియ్యటి మాటలేమీ లేవు. తనకూ గుండె దడదడలాడి ఉంటుంది, పదివేలు అంటే రిపోర్టు తన పేరు మీద కూడా వెళ్తుంది. ఆ దడను ఒక్క నిమిషం పక్కన పెట్టాడు, అమ్మాయి భయాన్ని గమనించి కూర్చోమన్నాడు, తర్వాత నేరుగా వోచర్ల దగ్గరికి వెళ్లాడు. సాలొవే, మేయర్ చెప్పినదంతా ఆ నిమిషంలోనే ఉంది. మీలాంటి, మాటలు తక్కువున్న మనిషి కూడా ఇది చేయగలడు. మాటకారులకన్నా బాగా చేసినవాళ్లను చూశాను.

మీ బ్రాంచిలో ఇది ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రశ్నాపత్రం అక్కర్లేదు. మేనేజరు కేబిన్లు అద్దాలవి. బయటి నుంచి మీ మొహం అందరికీ కనపడుతూనే ఉంటుంది. ఫైలు పట్టుకుని వచ్చే ఆఫీసరు తలుపు దాకా వచ్చి, అటెండరును పక్కకి పిలిచి 'సార్ మూడ్ ఎట్లుంది?' అని అడుగుతున్నాడా? అడుగుతుంటే మీ నిజమైన మార్కులు అవి. అటెండరు 'ఇప్పుడొద్దన్నా, వీసీ అయింది' అంటాడు, ఫైలు వెనక్కి పోతుంది. ఆ ఫైల్లో ఏముందో మీకు రేపో ఎల్లుండో తెలుస్తుంది. ఒక్కోసారి తెలియనే తెలియదు.

వీసీ అన్నాను కదా, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మేనేజర్లు చెడిపోయేది ఎక్కువగా అక్కడే. సాయంత్రం వీడియో కాన్ఫరెన్సులో నలభై మంది వింటుండగా మీ బ్రాంచి పేరు ఎత్తి, ఇన్సూరెన్సు ఎందుకు రాలేదు, సేవింగ్స్ ఖాతాలు ఎందుకు తెరవలేదు అని దులిపేస్తారు. వయసులో మీకన్నా చిన్నవాడు కూడా దులిపేయొచ్చు. స్క్రీన్ ఆపేశాక మీ ముందు హాలు ఉంటుంది, హాల్లో సిబ్బంది ఉంటారు. పైనుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే కిందికి వంపేయడం చాలా తేలిక. అరగంటలో బ్రాంచి మొత్తానికి ఆ వేడి అంటుకుంటుంది, చివరికి కౌంటర్ దగ్గర ఏ పాపం తెలియని కస్టమర్ మీద పడుతుంది.

దీనికి నేను చేయమనేది చాలా మామూలు పని. వీసీ అయిన వెంటనే హాల్లోకి వెళ్లకండి. టీ తెప్పించుకోండి. వాళ్లు అన్నదాన్ని కాగితం మీద రెండు ముక్కలు చేయండి. ఒకటి తిట్టు, రెండోది పని. తిట్టు మీ దగ్గరే ఆగిపోవాలి. పనిని పేర్లలోకి మార్చండి. 'రికవరీ పెంచాలి' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. వాయిదా దాటి 60 రోజులు మించిన ఖాతాలు, అంటే ఎస్‌ఎంఏ-2లో ఉన్నవి, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ అయిపోతాయి. ఆ లిస్టులోంచి ఈ వారం మీరు, ఫీల్డ్ ఆఫీసరు కలిసి ఇంటికి వెళ్లగలిగిన పేర్లు రాసి, అవి మాత్రమే హాల్లోకి తీసుకెళ్లండి. పైనుంచి ఎంత ఒత్తిడి ఉందో సిబ్బందికి దాచమని నేననను. 'ఇవాళ మనల్ని బాగానే అడిగారు' అని ఒక్క మాట చెప్పొచ్చు. రాగయుక్తంగా వినిపించాల్సిన పని లేదు.

కస్టమర్ల దగ్గరికి వస్తే, మన ప్రాంతంలో ఈ ప్రజ్ఞకు పెద్ద పరీక్ష బంగారం మీద అప్పులు. 2025 వేసవి చివర చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది గుర్తుందా? కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 దక్కేలా చూస్తామన్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఆ డబ్బు చేతికి రావడానికి ముందే నగల మీద తీసుకున్న అప్పుల గడువులు వచ్చేశాయి. నాకు తెలిసిన ఒక మేనేజరమ్మ అప్పుడు మామిడి ఊళ్ల మధ్య ఉన్న బ్రాంచిలో ఉంది. నోటీసులు సిస్టంలోంచి వాటంతటవే బయల్దేరతాయి, ఆపే అధికారం ఆమెకు లేదు. ఆమె చేసిందల్లా నోటీసు వెళ్లకముందే ఫోను చేయడం.

'పెద్దాయనా, బ్యాంకు నుంచి కాగితం వస్తుంది. చూసి కంగారు పడొద్దు, అది రాగానే వేలం వేసేయరు. సోమవారం రండి, ఎంత కట్టగలరో చూసి ఏం చేయొచ్చో చెబుతాను.'

'ఇంట్లో ఆడోళ్లకు గడువు దాటిందని తెలీదు మేడమ్. కాగితం ఇంటికి రాకుంటే సాలు.'

'కాగితం ఆపడం నా చేతిలో లేదు. అది వచ్చేలోగా మీరే చెప్పేయండి. పోస్టులో చూసి తెలుసుకునేకన్నా మీ నోట వింటే నయం కదా.'

ఆయన సోమవారం వచ్చాడు, భార్యతో కలిసి వచ్చాడు. ఆయన భయం అప్పు గురించి కానే కాదని మేనేజరమ్మ ఫోన్‌లోనే పసిగట్టింది. ఊళ్లో పరువు, ఇంట్లో మాట, రెండూ ఆ కవరులో ఉన్నాయి. అది అర్థమయ్యాక కూడా ఆమె లేని హామీ ఇవ్వలేదు చూడండి. ఫోన్ చేయడానికి టైము కూడా చూసుకోవాలి. బాకీల కోసం పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రికవరీ ఏజెంట్ల విషయంలో ఆర్‌బీఐ 2022లో స్పష్టంగా చెప్పింది. ఏజెంటుకు వద్దన్న వేళ మేనేజరుకు మాత్రం ఎందుకు?

'లేదు' అని చెప్పడం కూడా ఈ విద్యలో భాగమే, దీన్ని ఎవరూ నేర్పరు. అప్పు రాదని మీకు మొదటి ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. మనసు నొప్పించడం ఇష్టం లేక 'చూద్దాం, రేపు రండి, ఆ కాగితం తెండి, ఈ కాగితం తెండి' అంటూ తిప్పుతాం. పాపం, ఆయన బస్సు చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు తిరుగుతాడు. నాలుగోసారి రాదంటే తిట్టడా మరి? మంచివాడని పేరున్న మేనేజర్ల బ్రాంచీల్లోనే ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువగా చూశాను. రాదని తెలిసిన రోజే, ఎందుకు రాదో రెండు వాక్యాల్లో చెప్పి, ఏం చేస్తే వస్తుందో ఉంటే అదీ చెప్పి పంపేయండి. మొహం చిన్నబుచ్చుకుంటాడు. పర్వాలేదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఎదుటివాళ్ల మనసు చదవగలగడం ఒక పనిముట్టు లాంటిది, ఏ చేతిలో ఉందన్నదాన్ని బట్టి పనిచేస్తుంది. భర్త పోయాక వచ్చిన డబ్బు ఫిక్స్‌డ్ వేద్దామని వచ్చిన ముసలమ్మ దగ్గర కూర్చుని, 'అమ్మా, నేను మీ కొడుకులాంటి వాణ్ని' అని ఆమె చేత పదేళ్ల ఇన్సూరెన్సు పాలసీ కట్టించినవాడికి ఈక్యూ తక్కువేమీ లేదు. బాగా ఎక్కువే ఉంది. ఆ నెల ఆయన పేరు వీసీలో మెచ్చుకోళ్లలో వినపడుతుంది. ఏడాది తిరిగి రెండో ప్రీమియం దగ్గర ఆమె కొడుకు హైదరాబాదు నుంచి వస్తాడు, ఫిర్యాదు పెడతాడు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దాకా వెళ్తాడు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోగా వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మీరు మేనేజరయ్యాక ఆ మాట చెప్పే అలవాటు చేసుకోండి, మీ టార్గెట్ కాస్త తగ్గినా సరే. మనుషులతో మాట్లాడటం రాదని మీరు బాధపడుతున్నారు గానీ, ఈ రకం మాటలు రాకపోవడం మీ అదృష్టం.

మీరు వెళ్లేది చిత్తూరు జిల్లా కాబట్టి విలీనాల సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది 2020 ఏప్రిల్ 1న. చిత్తూరులోనే హెడ్డాఫీసు ఉన్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇలాంటి బ్రాంచిలో మీకు రెండు రకాల మనుషులు దొరుకుతారు. 'మా బ్యాంకులో ఇట్లా ఉండేది కాదు సార్' అనే పాతకాపు ఒకరు, ఆ మాట వింటేనే చిరాకుపడే కొత్తవాళ్లు కొందరు. పాతకాపును మార్పుకు అడ్డం పడే మనిషి అనుకుని పక్కన పెట్టే మేనేజర్లున్నారు. ఆయన బాధ సాఫ్ట్‌వేర్ గురించి కాదు. పాతికేళ్లు చొక్కా మీద పెట్టుకున్న పేరు పోయింది, సీనియారిటీ లిస్టులో తానెక్కడో తెలియదు, ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ చేస్తారో తెలియదు. ఒక రోజు ఆయన్ని కూర్చోబెట్టి, పాత రికార్డులు ఎక్కడున్నాయో, ఏ ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో అడగండి. పాత బ్యాంకును మెచ్చుకోనక్కర్లేదు, అడిగితే చాలు. రికవరీకి ఆయన వెంట వస్తే సగం ఇళ్లలో మీకు కుర్చీ వేస్తారు.

కొత్తవాళ్లలో పాట్నా నుంచో కాన్పూరు నుంచో వచ్చిన ప్రొబేషనరు ఒకరు తప్పకుండా ఉంటారు. భాష రాదు, అద్దె గదిలో ఒంటరిగా ఉంటాడు, కౌంటర్లో ఒకరు తెలుగులో, నగరి, కుప్పం వైపైతే ఇంకొకరు తమిళంలో అరుస్తుంటారు. మొండివాడిలా కనపడతాడు, నిజానికి బెదిరిపోయి ఉంటాడు. దీపావళి తర్వాత వచ్చే ఛఠ్ పండక్కి అతను లీవు అడుగుతాడు. గంగజాతరకు తిరుపతి వాళ్లు అడిగినప్పుడు ఎలా ఇస్తారో అలాగే ఇవ్వండి. అంతకుమించి చెప్పేదేం లేదు.

మీ క్రెడిట్, ఆడిట్ పరిజ్ఞానాన్ని మాత్రం తక్కువ చేసుకోకండి. ఫైలు అర్థం కాని మేనేజరు ఎంత ఆప్యాయంగా మాట్లాడినా సిబ్బంది నమ్మరు. ఇబ్బంది వస్తే ఈయన మనల్ని కాపాడలేడని వాళ్లకు తెలుసు. నేను చూసిన మంచి బ్రాంచి మేనేజర్లలో సగం మంది మితభాషులు. పని వచ్చు, మొహం స్థిరంగా ఉంటుంది, చెడ్డ కబురు తెచ్చినవాణ్ని కరవరు. చార్జ్ తీసుకునేటప్పుడు క్యాష్, తాళాలు, తాకట్టు నగల ప్యాకెట్లు లెక్క చూసుకుంటారు కదా, ఆ పనిని హడావుడిగా చేయకండి. మీకు అలవాటైన పనే కాబట్టి మీ మనసు ఖాళీగా ఉంటుంది. పక్కన నిలబడ్డ జాయింట్ కస్టోడియన్, అంటే రెండో తాళం దగ్గరుంచుకునే ఉద్యోగి, ఎప్పుడు తడబడుతున్నాడో, ఏ బీరువా దగ్గర మాట మారుస్తున్నాడో చూడటానికి అంతకన్నా మంచి అవకాశం మళ్లీ రాదు.

కోర్సు సంగతి. డబ్బు కట్టి రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్తే మళ్లీ అదే గడుల కాగితం ఇస్తారు. వెళ్లాలనే ఉంటే, మీతో పనిచేసినవాళ్ల చేత కూడా మీ గురించి రాయించేది చూసుకుని వెళ్లండి. అంతకన్నా చవకైన పని మీరిప్పుడున్న బ్రాంచిలోనే ఉంది. మీ కింద పనిచేసిన క్లర్కునో, అటెండరునో టీకి తీసుకెళ్లి, 'నా దగ్గరికి తేవడానికి మీరు వెనకాడిన విషయం ఏదైనా ఉందా?' అని అడగండి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చేసింది కాబట్టి భయం లేకుండా చెబుతారు. రిలీవ్ అవ్వకముందే, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. ఫోన్‌లో అడిగితే 'అబ్బే, అట్లాంటిదేం లేదు సార్' అనేస్తారు.